వీసా రొట్టె ఎవరి దగ్గరుంది?

ప్రతి ఏటా మొహర్రం రోజుల్లో టీవీ పెడితే నెల్లూరు రొట్టెల పండుగ కనిపిస్తుంది. డ్రోన్ తో పైనుంచి తీసిన చెరువు, నీళ్ళలో కిక్కిరిసిన జనం, వెనకనుంచి "మతసామరస్యానికి ప్రతీక" అనే మాట. ఆ మాట తప్పని నేను అనను. కానీ నెల్లూరులో పుట్టి పెరిగి, చిన్నప్పట్నుంచీ అమ్మ కొంగు పట్టుకుని ఆ నీళ్ళలో నిలబడినదాన్ని కాబట్టి నాకు ఆ మాట సరిపోదనిపిస్తుంది. స్వర్ణాల చెరువులోకి దిగేవాళ్ళెవరూ సామరస్యం కోసం దిగరు. కూతురికి సంబంధం కుదరక దిగుతారు, కొడుకు డీఎస్సీకి చదివి చదివి వయసు దాటిపోతుంటే దిగుతారు, అద్దె ఇళ్ళు మారి మారి విసిగిపోయి దిగుతారు. అవసరం తీసుకొస్తుంది జనాన్ని అక్కడికి. ఆ అవసరమే వాళ్ళని ఒకరి పక్కన ఒకర్ని నిలబెడుతుంది, మామూలుగా అయితే జన్మలో పక్కపక్కన నిలబడని వాళ్ళని కూడా.

తెలియనివాళ్ళ కోసం పద్ధతి చెప్తాను. దర్గామిట్టలో చెరువు గట్టున బారాషహీద్ దర్గా ఉంది. మొహర్రం నాడు మొదలై నాలుగైదు రోజులు పండుగ. కోరికను బట్టి రొట్టెకు పేరు. విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, సొంతింటి రొట్టె, వీసా రొట్టె, ఇంకా ఎన్నో. రాష్ట్రం విడిపోయాక నాయకులు వచ్చి ప్రత్యేక హోదా రొట్టె కూడా పట్టారు. కోరిక ఉన్నవాళ్ళు రొట్టె పడతారు, కోరిక తీరినవాళ్ళు వచ్చి రొట్టె వదులుతారు. అంటే నాకు ఉద్యోగం కావాలంటే, ఉద్యోగం వచ్చిన మనిషిని ఆ జనంలో వెతుక్కుని ఆ చేతి నుంచే రొట్టె తీసుకోవాలి, నీళ్ళలో నిలబడి, తల మీద కొంగో తువ్వాలో వేసుకుని, అక్కడే ఓ ముక్క తుంచి నోట్లో వేసుకోవాలి. నాకు ఉద్యోగం వచ్చాక నేను రొట్టె చేసుకుని వచ్చి నాలాంటి ఇంకొకరి చేతిలో పెట్టాలి. ఇంతే పండుగ. పూజారి అక్కర్లేదు, మంత్రం అక్కర్లేదు, టికెట్ లేదు, గోత్రం అడిగేవాళ్ళు లేరు.

నాకు ఇందులో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఆ వెతుక్కోవడం. మన ఊళ్ళలో జనం కూర్చునే తీరు అందరికీ తెలిసిందే. పెళ్ళి పందిట్లోనూ, ఊరి రచ్చబండ దగ్గరా, ఆఖరికి వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఎవరి కులం వాళ్ళు, ఎవరి మతం వాళ్ళు, ఎవరి వీధి వాళ్ళు. చెరువులో మాత్రం జనం కష్టాల వారీగా నిలబడతారు. "సంతాన రొట్టె, సంతాన రొట్టె" అని ఒకావిడ అరుస్తుంటే ఆవిడ చుట్టూ చేరేది పిల్లలు లేని ఆడవాళ్ళు. అందులో బురఖా ఉంటుంది, మెడలో నల్లపూసలుంటాయి, మదనపల్లె నుంచి వచ్చినావిడ ఉంటుంది, చెన్నై నుంచి వచ్చి తెలుగు ముక్క రానావిడ ఉంటుంది. వాళ్ళందరికీ ఉన్న సంబంధం ఒక్కటే, ఇంటికెళ్తే అత్తగారు ఏమంటుందో అందరికీ తెలుసు.

పండుగ ఎలా మొదలైందో చెప్పే కథ కూడా ఇలాంటి కలగాపులగం కథే. 18వ శతాబ్దంలో కొడవలూరు దగ్గర గండవరంలో జరిగిన యుద్ధంలో పన్నెండు మంది వీరులు చనిపోయారని, తలలు అక్కడే పడిపోతే మొండేలను గుర్రాలు స్వర్ణాల చెరువు దాకా మోసుకొచ్చాయని, ఇక్కడే సమాధులు వెలిశాయని చెప్పుకుంటారు. బారా షహీద్ అంటే ఆ పన్నెండుగురు. చాలా కాలం తర్వాత ఒక చాకలి దంపతులు చెరువులో బట్టలు ఉతికి, పొద్దుపోయిందని ఆ గట్టు మీదే పడుకున్నారట. ఆవిడ కలలో ఆ వీరులు కనిపించి, ఆర్కాట్ నవాబు భార్య జబ్బుతో ఉంది, మా సమాధుల దగ్గర మట్టి రాస్తే తగ్గుతుంది అని చెప్పారట. తెల్లారి ఊళ్ళో నవాబుగారి దండోరా వినిపించింది, రాణిగారి జబ్బు తగ్గించినవాళ్ళకు బహుమానం ఇస్తామని. వీళ్ళు కల సంగతి చెప్పారు, మట్టి వెళ్ళింది, జబ్బు తగ్గింది. నవాబు దంపతులు నెల్లూరు వచ్చి సమాధులకు మొక్కి, వెంట తెచ్చుకున్న రొట్టెలు తాము కొన్ని తిని మిగిలినవి చెరువు దగ్గరున్న వాళ్ళకు పంచారు. అదీ కథ. చెప్పేవాళ్ళని బట్టి కొంచెం కొంచెం మారుతుంది కానీ అన్నిట్లోనూ ఆ కల మాత్రం బట్టలు ఉతికే ఆవిడకే వస్తుంది.

ఒకసారి గట్టు మీద నా పక్కన కూర్చుని రొట్టెల గుడ్డ విప్పుకుంటున్న ఓ పెద్దావిడతో మాటల్లో ఈ కథ వచ్చింది. కోవూరు వైపు రజకుల ఇంటి మనిషి. "ఇది మా పండగమ్మా" అంది నాతో. నేను ఆమె ముఖం వంక చూస్తే, "కల ఎవరికి వచ్చింది? మావాళ్ళకే కదా. నవాబుకు రాలా, ఆయన మంత్రులకు రాలా" అంది. ఎంత గర్వంగా అందో చెప్పలేను. ఊళ్ళో ఇళ్ళ చుట్టూ తిరిగి మైల బట్టలు మూటగట్టుకుని వచ్చిన కుటుంబాలవి. లక్షల మంది వచ్చే పండుగకు మొదటి మాట మా ఇంటిదే అని చెప్పుకునే హక్కు ఆవిడకు ఉంది, ఆవిడ దాన్ని ఎవరికీ వదులుకోదలుచుకోలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మాది కిరాణా కొట్టు ఉన్న వైశ్య కుటుంబం. మా నానమ్మ బయట మంచినీళ్ళు కూడా తాగేది కాదు, బంధువుల ఇంటికెళ్ళినా చెంబు వెంట తీసుకెళ్ళేది. ఉల్లిపాయ తినే రోజులు వేరు, తినని రోజులు వేరు. అలాంటి మనిషి మా అత్తకు పిల్లలు లేరని సంతాన రొట్టె పట్టింది. ఎవరి దగ్గర పట్టిందో మా ఇంట్లో అందరికీ తెలుసు, మాంసం కొట్టు నడిపే ఒకాయన ఇల్లాలి దగ్గర. ఆవిడే వచ్చి నానమ్మ చేతిలో పెట్టి, "నాకు ఏడేళ్ళకు పుట్టాడమ్మా, నీ బిడ్డకు అంత ఆలస్యం కాకూడదు" అందట. నానమ్మ ఆ రొట్టె ఏ పొయ్యి మీద కాల్చారని అడగలేదు. నీళ్ళలో నిలబడి తుంచుకుని తినేసింది, మిగిలింది తడి కొంగులో చుట్టి అత్తకు తెచ్చింది. మా అత్త కూతురు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. నానమ్మ బతికున్నంత కాలం ఆ పిల్ల పుట్టినరోజుకు దర్గాకు చక్కెర పంపి చదివింపులు చేయించేది.

ఇంతవరకూ చెబితే చాలా బాగుంటుంది, కానీ మిగతాది కూడా చెప్పాలి. అదే రోజుల్లో మా కొట్లో మూటలు దించే సాయిబు ఒకాయన ఉండేవాడు. ఆయనకు టీ ఇవ్వడానికి వేరే గ్లాసు, గోడ మీద మేకుకు పక్కన బోర్లించి పెట్టేవాళ్ళు. దళితుల పేట నుంచి వచ్చి సరుకు తీసుకెళ్ళేవాళ్ళు మెట్టు కింద నిలబడేవాళ్ళు. రొట్టె తిన్న నోటితోనే ఆ గ్లాసు పక్కన పెట్టించింది మా నానమ్మ. చెరువులో పట్టింపు లేనిది కొట్లో ఎందుకుందో ఆమెను ఎవరూ అడగలేదు, ఆ మూటలు దించే ఆయన కూడా. ఆ గ్లాసు పోవడానికి కారణం రొట్టె కాదు, పేపర్ కప్పులు రావడం. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. రొట్టెల పండుగను చూపించి మన సమాజంలో అంతా బాగానే ఉందని ఎవరైనా అంటే ఆ గ్లాసు గుర్తొస్తుంది నాకు. అలాగని ఇదంతా ఉత్త నాటకం అనేవాళ్ళ మాటా ఒప్పుకోలేను, ఎందుకంటే నానమ్మ ఆ ముక్క మింగినప్పుడు నిజంగానే మింగింది. రెండూ ఆమే.

ఉద్యోగ రొట్టె కథ మా తమ్ముడిది. వాడు డిగ్రీ అయిపోయి కొంతకాలం ఖాళీగా ఉన్నాడు. 2022 పండుగకు అమ్మ వాణ్ణి పట్టుబట్టి తీసుకెళ్ళింది, నేనూ వెళ్ళాను. కరోనా రెండేళ్ళూ జనాన్ని చెరువులోకి రానివ్వలేదు కాబట్టి ఆ ఏడు విపరీతమైన రద్దీ. ఘాట్ మెట్ల మీద పోలీసులు తాళ్ళు కట్టారు, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతూనే ఉన్నారు. మోకాలి లోతు నీళ్ళలో ఉద్యోగ రొట్టె అని అడుక్కుంటూ తిరుగుతుంటే, స్టీలు ప్లేటులో రొట్టెలు పెట్టుకుని, మీద బెల్లం ముక్కలు సర్దుకుంటూ ఓ అమ్మ కనిపించింది. నల్లదారానికి చిన్న శిలువ వేసుకుని ఉంది. ఉదయగిరి వైపు పల్లె. కూతురికి 2019లో గ్రామ సచివాలయాల్లో ఉద్యోగం వచ్చింది, ఆ ఏడు మన రాష్ట్రంలో లక్షకు పైగా సచివాలయ ఉద్యోగాలు ఇచ్చారు, వాటిలో ఒకటి ఆ పిల్లది. ఆ ఏటి సెప్టెంబరు పండుగలో ఈమె రొట్టె పట్టింది, ఆ నెలలోనే ఫలితాలు వచ్చాయి. మరుసటేడు వచ్చి వదులుదామంటే కరోనా. ఆ పై ఏడూ అంతే.

"రెండేళ్ళు బాకీ ఉండిపోయిందమ్మా, నిద్ర పట్టలా" అంది. ప్లేటు నిండా రొట్టెలు అందుకే. ఒక్కటి వదిలితే సరిపోయేదానికి ఆలస్యానికి వడ్డీ కట్టినట్టు ఎక్కువే చేసుకొచ్చింది. మీరు ప్రార్థనకు వెళ్తారు కదా అని మా అమ్మ అడిగితే, ఆదివారం అక్కడికి పోతాం, పండగనాడు ఇక్కడికి వస్తాం, పాస్టరుగారికి చెప్పలేదు, చెబితే బాధపడతాడు అంది. అబద్ధం చెప్పాలని కాదు, ఆయన్ని నొప్పించడం ఇష్టం లేక. తను ఎవరి దగ్గర పట్టిందని నేను అడిగాను, ఆ కుతూహలం నాకు ఎప్పుడూ ఉంటుంది. ఎవరో తమిళాయన అంది. మాటలు ఒకరివి ఒకరికి అర్థం కాలేదట. ఆయన తన మెడ చుట్టూ వేలు తిప్పి టై కట్టుకున్నట్టు చూపించాడట, కొడుకుకు ఆఫీసు ఉద్యోగమని. అంతే, ఈమెకు అర్థమైంది, చెయ్యి చాచింది.

అలా చెన్నై వైపు ఎవరింటి కొడుకు ఉద్యోగమో ఉదయగిరి పల్లెలో దళిత క్రైస్తవుల ఆడపిల్లకు, ఆ పిల్ల ఉద్యోగం మా కోమట్ల ఇంటి పిల్లాడికి వచ్చి చేరింది. వాడికి ఆ చలికాలంలో శ్రీసిటీలో ఒక కంపెనీలో పని దొరికింది. రొట్టె వల్లే దొరికిందా అని నన్ను అడగకండి, వాడు రాసిన పరీక్షలు, తిరిగిన ఇంటర్వ్యూలు నేను చూశాను. కానీ రొట్టె పట్టిన తర్వాత వాడు మళ్ళీ ఫారాలు నింపడం మొదలుపెట్టాడు, అదీ చూశాను. 2023 జూలైలో వాడే రొట్టె వదలడానికి వచ్చాడు. అమ్మ తెల్లవారుజామున లేచి గోధుమపిండిలో కాస్త బెల్లం నీళ్ళు పోసి కలిపింది, పెనం మీద నూనె తక్కువ వేసి కాల్చింది, నీళ్ళలో తడిసినా విరిగిపోకుండా కొంచెం మందంగా. పాత పంచె ముక్కలో చుట్టి, ఆ మూట మళ్ళీ ప్లాస్టిక్ కవర్లో.

వాడి దగ్గర రొట్టె పట్టింది ముత్తుకూరు వైపు నుంచి వచ్చిన ఒక యానాది కుర్రాడు. ఐటీఐ చేశాడు, కృష్ణపట్నం పోర్టు వైపు ఏదైనా పర్మినెంటు పని కావాలి. వాళ్ళ నాన్న రొయ్యల గుంటల దగ్గర కాపలా. నెల్లూరు జిల్లాలో యానాదుల బతుకు తెలిసినవాళ్ళకు ఆ కుర్రాడు ఐటీఐ దాకా రావడమే ఎంత పెద్ద సంగతో తెలుసు, ఆధార్ కార్డు కూడా లేకుండా గుంటల మీద తరాలు గడిపేసిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి ఈ జిల్లాలో. మా తమ్ముడు రొట్టెతో పాటు తన ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు, మా కంపెనీలో ఖాళీలు పడితే చెప్తాను అన్నాడు. ఆ పిల్లాడు ఫోన్ చేశాడు కూడా, ఒకసారి. తర్వాత ఆ నంబరు కలవలేదు. వాడికి పని దొరికి వాడు ఇంకెవరికైనా రొట్టె వదిలాడో లేదో మాకు తెలియదు. ఏటా వెళ్ళినప్పుడల్లా నేనూ తమ్ముడూ ఆ ఘాట్ దగ్గర వాడి కోసం చూస్తూనే ఉంటాం.

ఇక అసలు చెప్పాలనుకున్నది వీసా రొట్టె గురించి. 2025 పండుగ జూలై 6న మొదలైంది. అప్పటికి అమెరికా చదువుకు వెళ్ళాల్సిన పిల్లలందరి ఇళ్ళలో ఒకటే టెన్షన్. మే చివర్లో అమెరికా ప్రభుత్వం స్టూడెంట్ వీసాలకు కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఇవ్వడం ఆపేసింది, జూన్ లో మళ్ళీ మొదలుపెట్టామన్నారు కానీ స్లాట్లు దొరకడం కష్టంగా ఉంది, ఆగస్టులో క్లాసులు. ఆ ఏడు చెరువులో వీసా రొట్టె అడిగేవాళ్ళు ఎటు చూసినా కనిపించారు. కలిగిరి వైపు నుంచి పొగాకు రైతు కుటుంబం ఒకటి వచ్చింది, తల్లి, తండ్రి, బీటెక్ అయిన కొడుకు. అప్పు శాంక్షనయింది, యూనివర్సిటీ సీటు వచ్చింది, స్లాటు లేదు. "వీసా రొట్టె ఎవరి దగ్గరుందమ్మా" అని ఆ తల్లి కనపడినవాళ్ళందర్నీ అడుగుతోంది.

ఎవరో ఒకావిణ్ణి చూపించారు. నలభై ఏళ్ళుంటాయేమో, నల్ల బురఖా నీళ్ళలో తడిసి బరువెక్కితే ఓ చేత్తో పైకి పట్టుకుని, ఇంకో చేతిలో రొట్టెల డబ్బా. రాయచోటి దగ్గర పల్లె. కువైట్ లో ఇంటిపని చేస్తుంది. ఎన్నో ఏళ్ళ కిందట వీసా రొట్టె పట్టి వెళ్ళింది, సెలవు ఎప్పుడూ పండుగకు కలిసిరాలేదు, ఈసారి కలిసింది, వచ్చింది. ఆ కుర్రాడు ఒక్క క్షణం తటపటాయించాడు. వాడి మనసులో వాడు వెతుకుతున్నది పిల్లలు డాలస్ లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళని. ఆవిడకు అర్థమైంది. "అమెరికానా నాయనా? నాది కువైటు. తీసుకుంటావా?" అని మర్యాదగానే అడిగింది. వాడి తల్లి వెంటనే, "వీసా వీసానే కదమ్మా, ఇవ్వు తల్లీ" అని తనే చెయ్యి పట్టింది.

తర్వాత వాళ్ళిద్దరూ నీళ్ళలోనే నిలబడి మాట్లాడుకున్న మాటలు నేను పక్కనుంచి విన్నాను. వెనక నుంచి తోసుకుంటున్నా కదల్లేదు. మీకు ఇంటర్వ్యూ ఉంటుందా అని కువైట్ ఆవిడ అడిగింది. మాకు ఇంటర్వ్యూ లేదు, మెడికల్ ఉంటుంది, అందులో ఫెయిలైతే ఏజెంటుకు కట్టింది పోయినట్టే అంది. మొదట వెళ్దామనుకున్నప్పుడు తనకు ముప్ఫై నిండలేదు, ఆడవాళ్ళు ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళాలంటే ముప్ఫై దాటితే గానీ మన ప్రభుత్వం క్లియరెన్స్ ఇవ్వదు, ఏజెంటు వయసు మార్చి పంపిస్తానన్నాడు, ఈమె ఒప్పుకోక ఆగింది. పిల్లల్ని తల్లి దగ్గర వదిలి వెళ్ళింది, చిన్నది తిరిగొచ్చేసరికి అమ్మమ్మనే అమ్మా అంటోంది. రైతు భార్య ఆ మాటకు కళ్ళు తుడుచుకుంది. మా వాడు వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తాడో, అప్పు తీరేదాకా రాడు కదా అంది. ఒకరు వెళ్ళే తల్లి, ఒకరు పంపే తల్లి. ఏజెంటు, కన్సల్టెన్సీ, వడ్డీ, ఎయిర్ పోర్టులో ఏడుపు, వీడియో కాల్, అన్నీ ఇద్దరికీ ఒకటే. మన సమాజంలో మాత్రం ఒకరి ప్రయాణాన్ని ఫ్లెక్సీ కట్టించి చెప్పుకుంటారు, ఇంకొకరి ప్రయాణం గురించి వీధిలో నోటికొచ్చినట్టు మాట్లాడతారు. రాజంపేట, రాయచోటి వైపు ఎన్ని పల్లెల్లో ఇళ్ళు ఆ ఆడవాళ్ళ చేతుల మీద లేచాయో చూసిన ఎవరైనా అలా మాట్లాడగలరా అనిపిస్తుంది నాకు.

ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది. ఉగాదికి ఊళ్ళో ఉంటే దేవుని కడప వెళ్తుందట. అక్కడి వెంకటేశ్వరస్వామి గుడికి ఉగాదినాడు ముస్లింలు రావడం కడప వైపు అందరికీ తెలిసిన ఆనవాయితీ, స్వామి తమ ఆడపడుచు బీబీ నాంచారమ్మను పెళ్ళాడాడని వాళ్ళ నమ్మకం. "అల్లుడింటికి పోయినట్టు పోతాం, బియ్యం, బెల్లం, చింతపండు తీసుకుని" అంది. కలిగిరి ఆవిడ వెంటనే, అయితే మాకు వరస కలుస్తుంది, మా ఇలవేల్పు ఆయనే అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులో ప్రవచనాలేవీ లేవు. వరస కలిస్తే తెలుగు ఆడవాళ్ళు నవ్వే నవ్వే అది.

ఈ పండుగ అందరికీ ఇష్టం అనుకోవద్దు. ఇది మన మతంలో లేదు అనే పెద్దలు అన్ని మతాల్లోనూ ఉన్నారు. మొహర్రం సంతాపానికి సంబంధించిన రోజు, ఆ రోజు కోరికలేమిటి, దర్గాల దగ్గర మొక్కులేమిటి అనే ముస్లింలున్నారు, వాళ్ళ నమ్మకాన్ని నేను తప్పు పట్టను. మా వీధి చివర మసీదుకు క్రమం తప్పక వెళ్ళే ఓ పెద్దాయన ఉన్నారు, జీవితంలో ఒక్కసారి కూడా రొట్టె పట్టలేదు. కానీ పండుగ నాలుగు రోజులూ ఇంటి ముందు రెండు నీళ్ళ డ్రమ్ములు పెట్టిస్తారు, బస్టాండు నుంచి నడిచి వచ్చేవాళ్ళ కోసం. "నేను నమ్మను బేటీ, కానీ ఎండలో వచ్చేవాళ్ళకు దాహం వేస్తుంది కదా" అన్నారు. గంధం రాత్రి కోటమిట్ట నుంచి దర్గాకు గంధం బిందెలు ఊరేగింపుగా వెళ్ళేటప్పుడు కూడా ఆయన తలుపు వేసుకుని పడుకుంటారు, డ్రమ్ములు మాత్రం నింపి పడుకుంటారు.

ఈమధ్య నాకు దిగులు కలిగించేది ఇంకోటుంది. పట్టేవాళ్ళు పెరుగుతున్నారు, వదిలేవాళ్ళు తక్కువ కనిపిస్తున్నారు. ముఖ్యంగా వీసా రొట్టె దగ్గర. పట్టిన పిల్లలు వెళ్ళిపోయారు, వాళ్ళ బదులు తల్లిదండ్రులు వస్తున్నారు, వాళ్ళకూ మోకాళ్ళ నొప్పులు, ఆ మెట్లు దిగి ఆ తోపులాటలో నిలబడలేకపోతున్నారు. గట్టు మీద కొన్న రొట్టె ఎవరో ఒకరు అందిస్తే పట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువయ్యారు, ఎవరు ఇచ్చారో ఏ కోరిక తీరి ఇచ్చారో అడగకుండానే. అలా అయితే మిగిలేది గోధుమపిండే. ఆ ఉదయగిరి అమ్మ రెండేళ్ళ బాకీ, ఆ కువైట్ ఆవిడ కూతురి మాట, టై కట్టి చూపించిన తమిళాయన వేలు, ఇవన్నీ రొట్టెతో పాటు చేతులు మారితేనే నా దృష్టిలో అది రొట్టెల పండుగ.

అందుకని ఒక మాట అడుగుతున్నాను. మీలో ఎవరైనా ఎప్పుడో రొట్టె పట్టి, కోరిక తీరి, మళ్ళీ వచ్చి వదలకుండా ఉండిపోయి ఉంటే ఈసారి రండి. ఎన్నేళ్ళయినా ఫరవాలేదు. 2026లో మొహర్రం జూన్ ఆఖరి వారంలో వస్తోంది, అమెరికా వాళ్ళకు పిల్లల సెలవులు కూడా కలిసొస్తాయి. రొట్టె మందంగా చేసుకోండి, పలచగా చేస్తే నీళ్ళకు చేతిలోనే విడిపోతుంది. రాత్రి బాగా పొద్దుపోయాకో తెల్లవారుజామునో వస్తే తోపులాట కాస్త తక్కువ. పట్టేవాళ్ళకు మీ పేరు చెప్పకపోయినా సరే, మీ సంగతి చెప్పండి, ఎన్నాళ్ళు ఎదురుచూశారో, చివరకు ఎలా కుదిరిందో. మా తమ్ముడు ఈసారి సొంతింటి రొట్టె పడతానంటున్నాడు. ఇల్లు కట్టుకున్నవాళ్ళెవరైనా ఉంటే లీవు పెట్టుకుని రండి, వాడు ఘాట్ మెట్ల దగ్గరే ఉంటాడు.